ఎక్కడ ఆగిందో చెప్పు

కడప,
2025 డిసెంబరు 7, ఆదివారం

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోనులో నాలుగు ముక్కలు పంపి చేతులు దులుపుకోకుండా రెండు పేజీలు రాశావు, సంతోషం. అందులో ఒకటిన్నర పేజీ కంప్యూటర్‌ను తిట్టడానికే సరిపోయింది. అమ్మాయి చదువు, మీ ఆవిడ మోకాళ్ల నొప్పి, వేరుశనగ ధర, అన్నీ మిగిలిన అర పేజీలో కుక్కేశావు.

విండోస్ అప్‌డేట్ ముప్పై శాతం దాకా వెళ్తుందని, రీస్టార్ట్ అయ్యాక ‘మార్పులను రద్దు చేస్తున్నాం’ అంటూ మళ్ళీ మొదటికొస్తుందని రాశావు. రిపేరు కుర్రాడు మొత్తం ఫార్మాట్ చేసేద్దామన్నాడని కూడా రాశావు. ఒరే, ఆ మాటకు మాత్రం తల ఊపకు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంటుంది. ఫార్మాట్ ఎక్కడికీ పోదు, చివరికి ఎలాగూ ఉండనే ఉంది. నువ్వు రాయాల్సిన అసలు ముక్క ఒకటి రాయలేదు. అది తర్వాత చెప్తాను, ముందు నా కథ విను. నెల రోజుల క్రితం నేనూ ఇదే గోతిలో ఉన్నాను.

నా డీటీపీ కంప్యూటర్ నీకు తెలుసు కదా, ఏడు రోడ్ల కూడలి దగ్గర కొట్టు తెరిచినప్పుడు, 2016లో, విడి భాగాలు కొని బిగించినది. ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ 11కి ఎనిమిదో తరమైనా కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి, కాబట్టి ఆ తలుపు మనకు మూసేసినట్టే. దొడ్డిదారులు ఉన్నాయంటారు. నాకు శుభలేఖల సీజనులో దొడ్డిదారులు తొక్కే ధైర్యం లేదు. పైగా నా పని సగం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో నడుస్తుంది. దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది! పాత తెలుగు ఫాంట్లతో చేసిన పదేళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. వాటిని మరో చోట తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట పిచ్చి గీతలు వస్తాయి. అందుకే కంప్యూటర్ జోలికి ఎవరినీ రానిచ్చేవాడిని కాదు, అప్‌డేట్‌లను అసలే రానివ్వలేదు. నెట్‌ను ‘మీటర్డ్’ అని, అంటే కొలిచి వాడే నెట్ అని, అబద్ధం చెప్పి ఏళ్ల తరబడి ఆపేశాను. ఫలితంగా నా విండోస్ 10 2019 నవంబరు నాటి వెర్షన్ దగ్గరే కూర్చుండిపోయింది.

మొన్న అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్‌లు పొడిగించే పథకం ఉందని చదివాను. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కూడా కట్టనక్కర్లేదు. అయితే ఆ పథకంలో చేరాలంటే విండోస్ 10 చివరి వెర్షన్, 22హెచ్2, ఉండి తీరాలి. అలా ఆరేళ్లు తప్పించుకు తిరిగినవాడిని చివరికి నేనే వెళ్లి అప్‌డేట్ తలుపు తట్టాను. అది తెరుచుకోలేదు.

మొదటి రోజు 80070070 అని ఒక సంఖ్య చూపించింది, ముందు సున్నా, ఎక్స్ తగిలించుకుని. దాని అర్థం తెలుసుకుంటే నవ్వొచ్చింది: డిస్కులో చోటు లేదు. 500 జీబీ డిస్కులో చోటు లేకపోవడమేమిటి? అప్పట్లో బిగించిన అబ్బాయి అందరికీ చేసినట్టే సీ డ్రైవ్‌కు 60 జీబీ ఇచ్చి, మిగతాది డీ, ఈ అని పంచాడు. ఈ, అంటే ఈగ కూడా వాలని డ్రైవ్. నేనేమో తొమ్మిదేళ్లుగా ప్రతి శుభలేఖా డెస్క్‌టాప్ మీదే పెడుతూ వచ్చాను. డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరేనన్న సంగతి కొట్టు పెట్టినవాడికే తెలియదు, ఇక కంప్యూటర్ ఏం చేస్తుంది? పెద్ద అప్‌డేట్‌కు ఇరవై జీబీ ఖాళీ కావాలి, నాకు మూడు జీబీయే ఉంది. ఒక ఆదివారమంతా కూర్చుని పాత పెళ్లిళ్లన్నీ ‘ఈ’ డ్రైవ్‌లోకి మార్చాను. అందులో రెండు జంటలు విడిపోయారు కూడా.

చోటు దొరికింది. మళ్ళీ నొక్కాను. ఈసారి సంఖ్య మారింది, చివర 2ఎఫ్8ఎఫ్ అని బండి నంబరులా ఉంది. డౌన్‌లోడే మొదలు కావడం లేదు. నెట్ బాగాలేదనుకుని కేబుల్ అబ్బాయిని రెండుసార్లు పిలిపించాను. పాపం, వచ్చి వైరు పీకి మళ్ళీ పెట్టి వెళ్లాడు. రూటరు మార్చమన్నాడు. మార్చబోయాను కూడా.

ఇంతలో ఒక పసుపు వ్యాపారి కూతురి పెళ్లి కార్డుల కోసం వచ్చాడు. ఐదు వందల కార్డులు, బయానా తీసుకుని బిల్లు కొట్టి ఇచ్చాను. నా బిల్లు షీటు ఆ రోజు తేదీ దానంతట అదే వేసుకుంటుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని బిల్లు చూసి, “ఏమప్పా, 2016 జనవరి అని వేసినావు. ధర కూడా అప్పటిదే తీసుకుంటావా?” అన్నాడు.

నేను నవ్వి బిల్లు చింపి, తేదీ చేత్తో దిద్ది ఇచ్చాను. ఆయన మెట్లు దిగి పోయాక గానీ నా బుర్ర వెలగలేదు. పేజీ పెద్దగా కనబడాలని కింది పట్టీని దాచి ఉంచుతాను కదా, గడియారం కంటపడదు. బయటికి తీసి చూస్తే 2016 జనవరి 1!

లోపల మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోయింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు బండి నడిచిపోతుంది, ఎవరికీ తెలియదు. కానీ మా అమ్మ రాత్రి పడుకునే ముందు కొట్టులోకి వచ్చి గోడ మీది స్విచ్చులన్నీ టకటకా ఆపేస్తుంది. దేవుడికి దీపం పెట్టినంత నిష్ఠగా. ఆపగానే కంప్యూటర్ పుట్టిన రోజుకు వెళ్లిపోయేది. తేడా పదిహేను గంటలు దాటితే విండోస్ తనంతట తాను సమయం దిద్దుకోదట, నాది దాదాపు పదేళ్ల తేడా.

మరి గడియారానికీ అప్‌డేట్‌కూ ఏమిటి సంబంధం అంటావా? అవతలి సర్వరు ‘నేను అసలువాడినే’ అని ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. దాని మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో ఉంటుంది. మన కంప్యూటర్ 2016లో ఉంది, పత్రమేమో 2025లో ఇచ్చినది. ఇంకా పుట్టని మనవడు జనన ధ్రువపత్రం పట్టుకుని తాత ఇంటికొస్తే లోపలికి రానిస్తాడా? పొమ్మంటాడు. నా బండి చేసిందీ అదే, తప్పు దానిది కాదు.

ఇందులో నాకు సిగ్గుగా ఉన్న సంగతి వేరే ఉంది. కొన్ని వారాలుగా పొద్దున ఆన్ చేయగానే నల్ల తెర మీద ఏదో రాసి ఎఫ్1 నొక్కమనేది. నొక్కేవాడిని. బ్రౌజరు తెరిస్తే ‘మీ గడియారం వెనుకబడి ఉంది’ అని పెద్ద అక్షరాలతో చెప్పేది. మూసేసేవాడిని. ఊరందరి ప్రూఫులు దిద్దే మనిషిని, నా ముందు రాసిన వాక్యం చదవలేదు.

బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని. పేరు సీఆర్ 2032. ఆ సంఖ్య వెనుక రహస్యమేమీ లేదు: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. గడియారాలు బాగుచేసే కొట్లో దొరుకుతుంది. ప్లగ్గు పీకి, సీపీయూ డబ్బా పక్క రేకు విప్పాను. తొమ్మిదేళ్ల దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు. బ్యాటరీ పక్కన సన్నని రేకు కొక్కెం ఉంటుంది, దాన్ని గోటితో పక్కకు నొక్కితే బిళ్ల టప్పున పైకి లేస్తుంది. కొత్తదాన్ని కూడిక గుర్తు పైకి ఉండేలా పెట్టి నొక్కాలి. ఆ తర్వాత ఆన్ చేస్తూనే, విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర బయోస్‌లోకి వెళ్లి తేదీ, సమయం పెట్టుకోవాలి. నువ్వెప్పుడైనా ఈ పని చేస్తే ముందుగా బయోస్‌లోని పేజీలను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకో. పాత బిళ్ల తీస్తే కొన్ని అమరికలు మొదటికి పోతాయి. డిస్కును చదివే పద్ధతి మారిపోయిందంటే విండోస్ అసలు లేవదు.

ఆ రాత్రి డౌన్‌లోడ్ గడగడా అయిపోయింది. గెలిచాననుకున్నాను. రీస్టార్ట్ అయ్యాక 61 శాతం దగ్గర నిలబడి, గంటన్నర ఆలోచించి, ‘మార్పులను రద్దు చేస్తున్నాం’ అంది.

ఇదిగో, ఇక్కడ నువ్వూ నేనూ కలిశాం. నేను అడగాల్సిన ముక్క కూడా ఇదే: ఎక్కడ ఆగింది, ఏ సంఖ్య చూపించింది? డౌన్‌లోడ్‌లో ఆగితే నెట్టు, గడియారం, చోటు చూడాలి. రీస్టార్ట్ తర్వాత వెనక్కి తిరిగితే అది లోపలి సంగతి, అంటే పరికరాలను నడిపే డ్రైవర్లు, పాడైన ఫైళ్లు, బయటి యాంటీవైరస్, మధ్యలో పోయిన కరెంటు. నీది రెండో రకం. సెట్టింగులలో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే విఫలమైన ప్రతిదాని కిందా సంఖ్య ఉంటుంది. ‘ఏదో నంబరు వచ్చింది’ అని రాశావు చూడు, అది జ్వరమొచ్చిన మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఎక్కడో నొప్పి’ అన్నట్టుంది.

నేను చేసింది చెప్తాను. ముందు వెనకాల తగిలించినవన్నీ పీకేశాను: పెన్‌డ్రైవ్, కార్డు రీడరు, స్కానరు. కీబోర్డు, మౌసు, మానిటరు మాత్రం ఉంచాను. కొని పెట్టుకున్న యాంటీవైరస్‌ను తాత్కాలికంగా తొలగించాను. తర్వాత సగం దిగి ఆగిన పాత ముక్కల సంగతి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అని ఒకటుంది. సర్వీసెస్ అనే చోటికి వెళ్లి విండోస్ అప్‌డేట్ సర్వీసును ఆపి, ఆ ఫోల్డరు పేరు చివర ‘పాత’ అని తగిలించి, సర్వీసును మళ్ళీ నడిపిస్తే అది కొత్త ఫోల్డరు తయారుచేసుకుని మొదటి నుంచీ దించుకుంటుంది. నిన్నటి పులిసిన పిండి గిన్నెలోనే ఇవాళ్టి పిండి పోస్తే దోశ ఏమవుతుందో మీ ఆవిడనడుగు.

ఆపైన మరమ్మతు. అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రెండు ఆదేశాలు ఇవ్వాలి, మొదట డిస్మ్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ. అవి ఎలా టైపు చేయాలో విడిగా ఫోనులో పంపుతాను, ఒక్క ఖాళీ తప్పినా పనిచేయవు. వరుస మాత్రం మార్చకు. ఎందుకో మా కడప భాషలో చెప్తాను. మా ఊళ్లో కలెక్టరాఫీసులో కొలువు చేసిన బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత వాటిని పోల్చించి, లేఖకుల తప్పులు దిద్దించి, శుద్ధప్రతి రాయించేవాడు కదా? ఎస్‌ఎఫ్‌సీ చేసేదీ అలాంటిదే. నడుస్తున్న విండోస్ ఫైళ్లను లోపల దాచి ఉంచిన మంచి ప్రతితో పోల్చి, చెడిపోయినచోట మారుస్తుంది. ఆ దాచిన ప్రతికే చెద పడితే? దాన్ని ముందు బాగుచేసేది డిస్మ్, నెట్ నుంచి మంచి ఫైళ్లు తెచ్చి. మూలప్రతి సరిచేయకుండా నకలు దిద్దితే తప్పులే మళ్ళీ రాసుకుంటావు. నా దగ్గర డిస్మ్ 62 శాతం దగ్గర అరగంట కదలలేదు. కంగారు పడకు, అది చచ్చిపోలేదు. టీ తాగి వస్తే కదిలింది.

చివరిది కరెంటు. నా యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి, కరెంటు పోతే ఫ్యాను ఆగినంత వేగంగా ఆగిపోతోంది. కొత్తది వేయించాకే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రాత్రి పది గంటలకు నొక్కి, గోడ స్విచ్చు మీద ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించి కూర్చున్నాను. అమ్మ వచ్చి చదివింది. “ఆ మాట నోటితో చెబితే సరిపోయేది కదా నాయనా, కాగితమెందుకు వృథా” అంది. ఒంటిగంటకు పూర్తయింది. మర్నాడే పొడిగింపు పథకంలో చేరాను. పేజ్‌మేకర్ తెరిచి చూశాను, ‘చి.ల.సౌ.’ చెక్కుచెదరలేదు.

నీకు ఎల్లుండి దాకా టైముంది. ప్రతి నెలా రెండో మంగళవారం కొత్త భద్రతా అప్‌డేట్‌లు వదులుతారు, ఈ నెల అది 9వ తేదీ. మన దేశంలో అప్పటికి రాత్రి పదకొండున్నర అవుతుంది, అంటే మన చేతికి వచ్చేసరికి బుధవారమే. ఆలోపు అమ్మాయి ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, అది ఏ మరమ్మతుకైనా ముందు చేయాల్సిన పని. ఆ సంఖ్య కాగితం మీద రాసుకుని రాత్రి తొమ్మిది తర్వాత ఫోను చెయ్యి, అప్పటికి కొట్టు కట్టేస్తాను. గడియారం కూడా ఒకసారి చూడు. నీ అప్‌డేట్‌కు అది కారణం కాదని నాకు తెలుసు, అయినా చూడు.

మీ ఆవిడ మోకాళ్ల సంగతి ఈసారైనా ఒక పూర్తి పేజీ రాయి. సంక్రాంతికి వస్తే కారం దోశ నా ఖర్చు. ఆ పసుపు వ్యాపారి నిన్న కార్డులు తీసుకెళ్లాడు, బిల్లు చేతికివ్వగానే ముందు తేదీ చదివి, ఆ తర్వాతే డబ్బు తీశాడు.

నీ
పాత బెంచీ మిత్రుడు