ఖాళీ చేయమంటే ఆలస్యం చేయొద్దు

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. వాన ఆగేటట్టు లేదు, నాలా నిండుగా పోతున్నది. మున్సిపాలిటీ వాళ్లు మైకులో ఖాళీ చేయమంటే, నీళ్లు గడప దాటేదాకా ఆగకుండా అప్పుడే కదలాలి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరిని ముంచినప్పుడు తెల్లారేసరికి జనం డాబాల మీద ఉన్నారు. వాళ్లను దించడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ పరిస్థితి మనకొద్దు.

వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటర్ తీసేయండి. ఆధార్, పట్టా కాగితాలు, బీపీ షుగర్ గోలీలు, చార్జర్ ఒక కవర్లో పెట్టుకోండి. బర్రెలు, మేకలు ఉన్నవాళ్లు పలుపులు విప్పేయండి, కట్టేసి పోవద్దు. మోకాలి లోతే కదా అని పారే నీళ్లలో బండి దింపకండి, ఆ లోతుకే కొట్టుకుపోతాయి. మొగోళ్లలో ఒకరు ఇంటికి కాపలా ఉంటామంటున్నారు, దయచేసి వద్దు. టీవీ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

ముసలోళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లవాళ్లు ఇప్పుడే ఇక్కడ చెప్పండి, ముందు వాళ్లనే పంపుదాం. ఆపదుంటే 112కు ఫోన్ చేయండి. ఇయ్యాల గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు బంద్.