నిమ్మకాయలు తెచ్చిన ఆయమ్మకి

నాలుక కింద ఇంకా తిమ్మిరిగానే ఉంది, నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇవాళే రాసేయాలి, రేపటి నుంచి మళ్లీ పనుల్లో పడిపోతాను.

ఏమైందని చాలామంది అడిగారు కాబట్టి ముందు సంగతి చెప్తాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, కుడి దవడ కింద ఉబ్బిపోయేది. పప్పుచారు వాసనకే నొప్పి మొదలయ్యేది. లాలాజలం వచ్చే గొట్టంలో రాయి, దాని ముందు గొట్టం సన్నబడిపోయింది. ఇలాంటి రాళ్లలో 80 శాతం దాకా దవడ కింది గ్రంథిలోనే వస్తాయట. మొదట చూపించుకున్న చోట గ్రంథి మొత్తం తీసేద్దామన్నారు. మెడ మీద కోత, పైగా కింది పెదవిని కదిపే నరం ఆ పక్కనే. భయమేసి సోమాజిగూడలో ఒక రేడియాలజీ డాక్టరు గారిని కలిశాం. నోట్లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గొట్టంలోకి ఎక్స్‌రేలో కనిపించే డై ఎక్కించి, లైవ్ ఎక్స్‌రేలో చూస్తూ బెలూన్‌తో వెడల్పు చేసి, సన్నటి వైరు బుట్టతో రాయిని లాగేస్తామన్నారు.

తీరా బల్ల మీద పడుకున్నాక వైరు వెళ్లాల్సిన రంధ్రం, అంటే నాలుక కింద ఆ గొట్టం తెరుచుకునే చోటే కనిపించలేదు. టెన్షన్‌కి నా నోరు పిడచకట్టుకుపోయింది. పులుపు తగిలితే లాలాజలం ఊరి రంధ్రం తెలుస్తుంది, నిమ్మరసం ఉందా అన్నారు డాక్టరు గారు. అంత పెద్ద ఆసుపత్రిలో లేదు! వరండా తుడుస్తున్న ఆయమ్మ ఆ మాట విని, మాప్ గోడకి ఆనించి వెళ్లిపోయింది. గేటు బయట సోడా బండి దగ్గర్నుంచి రెండు నిమ్మకాయలు కొంగులో పెట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. కడిగి, కోసి, గింజలు కూడా ఏరి సిస్టర్ చేతికిచ్చింది. ఎక్స్‌రే వేస్తారని బయటికి పంపుతుంటే నా పాదం పట్టుకుని, "ఏం గాదు బిడ్డా, నేనీడనే ఉంట" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఆ మాటకి వచ్చేసింది.

రాయి బియ్యపు గింజలో సగం లేదు. బయటికొచ్చేసరికి ఆయమ్మ నిజంగానే తలుపు పక్కన నిలబడి ఉంది. డబ్బులివ్వబోతే, "నిమ్మకాయలకు పైసలేంది" అని నా గుప్పిట మూసేసింది. పేరు రాస్తే ఆమెకి పైవాళ్లతో ఇబ్బందేమోనని రాయడం లేదు. అమ్మా, నీకు దండం.

ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం 24 గంటలు అడ్మిట్ కాలేదని క్యాష్‌లెస్ కుదరదన్నారు. మెడ కోయించుకుని మంచం మీద పడి ఉంటే ఇచ్చేవారట, సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికొచ్చినందుకు మొత్తం మేమే కట్టుకున్నాం. మరి డే కేర్ (ఒక్కరోజులోనే ఇంటికి పంపే చికిత్స) అని పాలసీలో రాసుకున్నది ఎవరికోసమో.

మా ఆయన, అత్తమ్మ ఎలాగూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, పై పోర్షన్ ఆంటీ! బాబుని స్కూల్ నుంచి తెచ్చి అన్నం పెట్టింది ఆవిడే. పాత స్కాన్ సీడీ వెతికిచ్చిన అమీర్‌పేట అబ్బాయికి, పంజాగుట్ట దగ్గర గతుకు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసి మెల్లగా పోనిచ్చిన ఆటో అన్నకి కూడా థ్యాంక్స్.