ఒకటో తారీఖు నుంచి మా పిండి మిల్లులో ధరల మార్పు

వచ్చే నెల ఒకటి నుంచి రెండు కిలోల లోపు ఏ గింజలు తెచ్చినా కనీసం 20 రూపాయలు తీసుకుంటాం. రెండు కిలోలు దాటితే ఎప్పటిలాగే కిలోకు 10 రూపాయలే. "కిలో రాగులకు ఇరవయ్యా?" అని ఇప్పటికే కొందరు అడిగారు. అడగవలసిన మాటే.

మా తాత నంద్యాలలో ఆయిల్ ఇంజన్‌తో ఈ మిల్లు మొదలుపెట్టినప్పుడు కిలోల లెక్క ఎవరూ చెప్పేవారు కాదట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జొన్నలు బస్తాలతో బండి మీద వచ్చేవి. అప్పటి ఇళ్ళు మట్టిమిద్దెలు, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. ఇల్లు ఎంత చిన్నదైనా గింజలకు ఒక మూల ఉండేది. ఉన్నవాళ్ళకు గాదెలు, ఇంకా ఉన్నవాళ్ళకు పాతరలు. ఏడాది తిండి ఇంట్లోనే ఉండేది కాబట్టి నెలనెలా కొనే ఖర్చు తక్కువ. అలాగని ఆ రోజులే బంగారమని నేను అనను. మిల్లు లేని ఊళ్ళో తెల్లవారుజామున తిరగలి తిప్పిన ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పండక్కి వండుకునే అన్నం రోజూ తినే తిండి అయింది, జొన్న బస్తాలు తగ్గిపోయాయి. మా నాన్న కారం, పసుపు, శనగపిండి ఆడించి మిల్లును నిలబెట్టారు. మా గిరాకీ పోతుందని పేదవాడు అన్నం తినకూడదంటామా?

ఇప్పుడు మళ్ళీ జొన్నలు, రాగులు వస్తున్నాయి. తెచ్చేది ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్ళు, అదీ కిలో, కిలోన్నర. పేదవాడి గింజ అనుకున్నది ఇప్పుడు ఖరీదైన గింజ. 2025-26కు సాధారణ వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలైతే రాగులకు 4,886. వడ్లు దంచితే బియ్యంగా మిగిలేది మూడింట రెండు వంతులే అనుకున్నా, రాగులే ప్రియం.

బస్తా తెచ్చుకోండి, చవక పడుతుంది అని చెప్పాలనే ఉంటుంది. కానీ రెండు గదుల ఫ్లాట్‌లో బస్తా ఎక్కడ పెడతారు? వర్షాకాలంలో పురుగు పడితే ఎక్కడ ఎండబెడతారు? కేంద్ర ప్రభుత్వ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 1999-2000లో 48 శాతం, 2022-23లో 39 శాతం. తిండి చవకైందని కాదు. అద్దె, ఫీజులు, పెట్రోలు పక్కన చేరి పళ్ళెం వాటా లాగేసుకున్నాయి.

ఇక మా వైపు లెక్క. మిల్లు తిరిగినా తిరగకపోయినా కరెంటు బిల్లులో స్థిర చార్జీ కట్టాల్సిందే. పది కిలోలకైనా కిలోకైనా మోటారు ఆన్ చేయాలి, రాళ్ళు సరిచూడాలి, ముందు ఆడిన గింజ పూర్తిగా దిగాలి. మీ రాగులు వేసే ముందు మా డబ్బాలోని గుప్పెడు రాగులు వేసి తిప్పుతాం. ఆ పిండి తెల్లటి చారలతో వస్తుంది, అది అంతకుముందు ఆడిన గోధుమ. ఆ పిండిని పక్కకు తీసేశాకే మీది వేస్తాం. కిలోకు పది రూపాయలు తీసుకుంటే ఈ పనికే చెల్లు. ఇంట్లో ఎవరికైనా గోధుమ పడకపోతే ముందే చెప్పండి, ఉదయం మొదటి ఆటలోనే వేస్తాం.

ఇరుగుపొరుగు కలిసి ఒకే రకం గింజ తెస్తే ఒక్క లెక్కగానే తీసుకుంటాం, తర్వాత తూకం వేసి పంచి ఇస్తాం. ఎండుమిర్చి మాత్రం మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం తర్వాతే. ఆ ఘాటు మిగతా పిండికి పట్టకూడదు.

అపార్ట్‌మెంట్లలో మేడ తలుపులకు తాళాలు వేస్తున్నారని చాలామంది అక్కలు అన్నారు. ఫిబ్రవరి నుంచి మే దాకా మా మిల్లు మిద్దె మీద మిరపకాయలు, పసుపు కొమ్ములు ఎండబెట్టుకోవచ్చు, డబ్బులేమీ వద్దు. పట్టాలు మీరే తెచ్చుకోండి. సాయంత్రం ఆరులోపు ఎత్తేసుకోవాలి. కోతులకు మాత్రం మేము బాధ్యులం కాము.