మాకొక తారీఖు కావాలి: మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి శ్రీమతి దనసరి అనసూయ సీతక్క గారికి నమస్కారం.

అక్కా, నేను వరంగల్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని చేస్తాను. భర్త నుంచి విడిపోయాను. ఇద్దరు పిల్లలు నా దగ్గరే ఉంటారు. పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది, బాబు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఒంటరి మహిళల పింఛను, కష్టంలో ఉన్న ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రాలు రెండూ మీ శాఖల కిందే ఉన్నాయి కాబట్టి, మాకు రావాల్సిన డబ్బు సమయానికి చేతికందాలని అడగడానికి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నా జీతం 15,000 రూపాయలు. ఏడో తారీఖు దాటాక చేతికొస్తుంది. కిరాయి 4,500, అది ఐదో తారీఖులోపు కట్టాలి. పొదుపు సంఘం కిస్తు పదో తారీఖు. ఒక్కరు కట్టకపోయినా సంఘం మొత్తానికి మాట వస్తుంది, అందుకే దాన్ని ఆపే ప్రశ్నే లేదు. తర్వాత కిరాణా కొట్టులో పోయిన నెల ఉద్దెర, పాలు, కూరగాయలు, పిల్లల పుస్తకాలు, ఎవరికైనా జ్వరమొస్తే డాక్టరు ఫీజు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి జీతం ఆలస్యమైతే ఇంకొకరిది ఆదుకుంటుంది. మా ఇంట్లో ఆ రెండో జీతం లేదు. డబ్బు పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులకు అప్పు తేవాల్సిందే. మా బస్తీలో నూటికి మూడు రూపాయల మిత్తికి ఇస్తారు. పది వేలు తెస్తే నెలకు 300. 500కే గ్యాస్ సిలిండర్ పథకంలో ప్రభుత్వం భరించే సొమ్ములో చాలా భాగం ఆ మిత్తికే సరిపోతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2023 డిసెంబర్ 9న మొదలైన ఉచిత బస్సు నా ఇంటి లెక్కనే మార్చింది. నేను షాపుకు, అమ్మాయి కాలేజీకి వెళ్ళిరావడానికి అయ్యే ఖర్చు మొత్తం మిగిలింది. అది ఎందుకు అంత బాగా పనికొచ్చిందో చాలాసార్లు ఆలోచించాను. కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెట్టిన ఆ నిమిషమే నా డబ్బు నా దగ్గర ఉండిపోతుంది. ముందు కట్టి తర్వాత ఎదురుచూసే పని లేదు. సన్నబియ్యం కూడా అంతే. మనిషికి ఆరు కిలోలు, ముగ్గురికి 18 కిలోలు. బయట కొంటే దాదాపు వెయ్యి రూపాయలు. అవి నేరుగా ఇంటికొస్తాయి.

సిలిండర్ అలా కాదు. ముందు తొమ్మిది వందలకు పైగా మేమే కట్టాలి, 500 పోను మిగిలింది తర్వాత ఖాతాలో పడుతుంది. అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంటూ అంతే. ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి ముందు మీరు కట్టండి అంటుంది కాలేజీ. ఇక జీరో కరెంటు బిల్లు. మేముండే ఇంట్లో మూడు పోర్షన్లకూ కలిపి ఒకటే మీటరు, ఉచితానికి పెట్టిన 200 యూనిట్ల హద్దు ఎప్పుడో దాటిపోతుంది. కిరాయికుండే వాళ్ళలో ఎంతమందిది ఇదే పరిస్థితో మీ అధికారులతో ఒకసారి లెక్క తీయించండి.

పింఛను సంగతికి వస్తాను. 2017లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. నాలుగు వేలు చేస్తామని 2023 ఎన్నికల్లో మాటిచ్చారు, ఆ మాట నిలబెట్టుకోమని నేనూ అడుగుతున్నాను. కానీ దానికంటే ముందు, ఇప్పుడిచ్చేది ప్రతి నెలా ఒకే తారీఖున ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఇక్కడా ఐదో తారీఖులోపు పడుతుందని నమ్మకం ఉంటే ఆ రెండు వేలు నేరుగా కిరాయిలోకి పోతాయి, ఆ మేరకు అప్పు తగ్గుతుంది. దీనికి బడ్జెట్‌లో ఒక్క రూపాయి కూడా పెంచనక్కర్లేదు.

రేషన్ కార్డు గురించి కూడా చెప్పాలి. పేరు అత్తగారింటి కార్డులో ఉన్నంతకాలం ఇంకో కార్డులోకి ఎక్కదు. కాపురం పోయిన ఆడమనిషి, తనను బయటికి పంపిన ఇంటికే మళ్ళీ వెళ్ళి పేరు తీయించండని బతిమాలుకోవాలా? నా పేరు మారడానికి చాలా కాలం పట్టింది, అప్పటిదాకా బియ్యం బయటే కొన్నాను. అంగన్‌వాడీ టీచరో, సంఘం లీడరో, సఖి కేంద్రమో విచారించి ఈమె పిల్లలతో విడిగా ఉంటోందని రాసిస్తే సరిపోయేలా పౌరసరఫరాల శాఖతో మాట్లాడండి.

అన్నిటికంటే పెద్ద లోటు భరణం. నా పిల్లలకు నెలకు 6,000 ఇవ్వాలని కోర్టు చెప్పింది. అది వస్తే ఈ లేఖలో సగం రాయక్కర్లేదు. చట్టం మా వైపే ఉంది. మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా ఇచ్చే భరణం, అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ చెబుతోంది. అర్జీ పెట్టిన రోజు నుంచే భరణం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2020 నవంబర్‌లో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో చెప్పింది. కానీ ఆర్డర్ వచ్చాక భర్త కట్టకపోతే బకాయి కోసం మళ్ళీ మేమే అర్జీ పెట్టుకోవాలి, అదీ బాకీ పడిన ఏడాదిలోపు. ఆ గడువు సంగతి తెలియక బకాయి పోగొట్టుకున్న వాళ్ళు మా సంఘంలోనే ఉన్నారు. కోర్టుకు వెళ్ళిన ప్రతి వాయిదాకూ షాపులో ఒకరోజు జీతం పోతుంది.

2020 లాక్‌డౌన్‌లో మీరు ములుగు అడవుల్లోని గూడేలకు బియ్యం మోసుకుంటూ నడిచి వెళ్ళారు. సాయం మనిషి దగ్గరికి వెళ్ళాలన్నది మీకు నేను చెప్పాల్సింది కాదు. సఖి కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది, మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఈ మూడింటినీ కలిపి, ప్రతి సఖి కేంద్రంలో భరణం బకాయిల కోసమే ఒక లాయరును కూర్చోబెట్టండి. ఎవరికి ఎన్ని నెలలు బాకీ ఉందో రాసిపెట్టుకుని, గడువు దాటకముందే వాళ్ళ తరఫున అర్జీ వేసే మనిషి కావాలి. అన్ని జిల్లాల్లో ఒకేసారి కుదరకపోతే ముందు రెండు మూడు జిల్లాల్లో మొదలుపెట్టండి. మా సంఘంలో ఆర్డర్ కాపీలు పట్టుకుని రావడానికి నాతో పాటు ఇంకా కొందరు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
వరంగల్