కణాలు దొరికాయి, సంచే కావాలి మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. మా అమ్మాయికి టైప్‌-1 షుగర్‌. "చిన్నపిల్లకి షుగరేంటండీ, స్వీట్లు ఎక్కువ పెట్టారా?" అని మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ అడుగుతారు. స్వీట్లతో వచ్చే జబ్బు కాదిది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. ఇక జీవితాంతం ఇంజెక్షన్లే. అర్ధరాత్రి వేలు గుచ్చి చూస్తే ఒక్కోసారి షుగర్ 58కి పడిపోయి ఉంటుంది. పిల్లను లేపి కూర్చోబెట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ గుచ్చాలి. ఆ పావుగంట టెన్షన్ మాటల్లో చెప్పలేను.

పోయిన కణాల బదులు కొత్తవి పెట్టవచ్చని 2000లో కెనడాలోని ఎడ్మంటన్ డాక్టర్లు చూపించారు. అమెరికా మందుల కంపెనీ వెర్టెక్స్, ఏ రకం కణంగానైనా మారగల మూలకణాల (స్టెమ్‌సెల్స్) నుంచి పెంచిన కణాలను పూర్తి మోతాదులో 12 మందికి ఎక్కిస్తే, ఏడాది తర్వాత 10 మందికి ఇన్సులిన్ అవసరం లేకపోయిందని 2025లో ప్రకటించింది. కానీ శరీరం వాటిని చంపకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వేసుకుంటూనే ఉండాలి. చిన్నపిల్లలకు ఆ మందులు ఎవరు రాస్తారు? అందుకే ఆ మందులు అక్కర్లేకుండా అదే కంపెనీ అవే కణాలను రక్షణ సంచిలో పెట్టి చూసింది. తగినంత ఇన్సులిన్ రాలేదు. 2025 మార్చిలో ఆ ప్రయోగం ఆపేశారు.

అంటే కణాలు దొరికాయి, సంచి దొరకలేదు. నా బాధంతా ఇదే.

ఈ సంచికి ఎక్కువగా ప్రయత్నించిన పదార్థం ఆల్జినేట్, గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసేది. సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే, చుక్క చుక్కా సగ్గుబియ్యంలా గట్టిపడుతుంది. మా ఫస్టియర్ పిల్లలు కూడా చేసేస్తారు. 1980లో లిమ్, సన్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి పూసల్లోనే క్లోమ కణాలను దాచి ఎలుకల్లో షుగర్‌ను అదుపు చేశారు. గ్లూకోజ్, ఇన్సులిన్, ఆక్సిజన్ అటూ ఇటూ వెళ్లగలవు, రక్షణ కణాలు మాత్రం లోపలికి రాలేవు.

మరి ఇన్నేళ్లయినా మనుషులకు మామూలు చికిత్సగా ఎందుకు రాలేదు? నాచులోని మలినాలు కాస్త మిగిలినా శరీరం రేగుతుంది. పదార్థం శుద్ధంగా ఉన్నా, పరాయి వస్తువని చుట్టూ మచ్చ కణజాలం అల్లేస్తుంది. దాంతో లోపలి కణాలకు ఊపిరాడదు. బీటా కణాలు మామూలుగానే ఆక్సిజన్ ఎక్కువ కోరతాయి. 2016లో అమెరికాలోని ఎంఐటీ బృందం ఆల్జినేట్ అణువును కొద్దిగా మార్చి, మూలకణాల నుంచి పెంచిన కణాలను ఎలుకల్లో 174 రోజులు పనిచేయించింది. చూడండి, ఇది డాక్టర్ల పని కన్నా ఆల్జినేట్ లాంటి పొడవాటి గొలుసు అణువులతో (పాలిమర్లతో) పనిచేసే కెమిస్టుల పనే ఎక్కువ!

ఆ కెమిస్టులు మన దగ్గర ఉన్నారు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణాల సంగతి చూడటానికి ఉప్పల్ రోడ్డులో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, కందిలో ఐఐటీ బయోమెడికల్ విభాగం. ఎలుకలో నెగ్గింది పెద్ద జంతువులో నెగ్గుతుందో లేదో చూడటానికి జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు పరిశోధన కేంద్రం. సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు సరేసరి. నేను అడిగేది, ఆ పార్కులో ఒంట్లో అమర్చదగ్గ (ఇంప్లాంట్ స్థాయి) పదార్థాలను శుద్ధి చేసి, చిన్న బ్యాచ్‌లుగా తయారుచేసి, పరీక్షించే ఉమ్మడి ల్యాబ్. రీసెర్చ్ స్కాలర్ అయినా, స్టార్టప్ అయినా ఫీజు కట్టి వాడుకోగలగాలి. అక్కడ శుద్ధి చేసే పదార్థం షుగర్ ఒక్కదానికే కాదు, కీళ్లకూ, గాయాలకూ పనికొస్తుంది.

రేపే మందు వచ్చేస్తుందని నేను అనడం లేదు. "స్టెమ్‌సెల్‌తో షుగర్ మాయం" అని బోర్డులు పెట్టేవాళ్ల గురించి ఆరోగ్య మంత్రి గారికి వేరే ఉత్తరం రాయాలి.

వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు సిద్ధం కాకముందే ఈ సంస్థల వాళ్లందరినీ ఒక పూట సుల్తాన్‌పూర్‌లో కూర్చోబెట్టండి. టైప్‌-1 పిల్లల తల్లిదండ్రులకూ అక్కడ ఒక కుర్చీ వేయించండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
తార్నాక, హైదరాబాద్