పియానో గింగురుమంటోందంటే చెవులను తప్పుబట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మన విజయవాడ, గుంటూరుల్లో పియానో ఉన్న ఇళ్లు తక్కువ, వాటిని బాగుచేసేవాళ్లం ఇంకా తక్కువ. అందుకేనేమో ఎవరైనా "వేలు తీసేశాక కూడా లోపల ఏదో గింగురుమంటోంది" అంటే పట్టించుకునే నాథుడు ఉండడు. బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ టీచరమ్మగారికి ఇదే జరిగింది. పాత గ్రాండ్ పియానో, శ్రుతి సరిగ్గానే ఉంది, అయినా ఆ మోత ఆవిడ భరించలేకపోతున్నారు. అమ్మిన షాపువాళ్లు "పియానో అంటే అంతేనమ్మా" అన్నారట, ఇంకొకాయనైతే చెవుల డాక్టర్‌కి చూపించుకోమన్నాడట. వింటే కడుపు మండింది. ఆవిడకు వినిపిస్తున్నది పియానోలో నిజంగా ఉంది.

పియానోలో 88 మెట్లకు దాదాపు 230 తీగలుంటాయి. మెట్టు వదలగానే డ్యాంపర్ అనే ఫెల్ట్ (ఒత్తుగా అదిమిన ఉన్ని) దిండు తీగ మీద పడి శబ్దాన్ని ఆపుతుంది. కానీ పైస్థాయిలో చివరి ఇరవై స్వరాలకు అటూఇటుగా డ్యాంపర్లే ఉండవు, తయారీయే అంత. అది కాక తీగ తాను ఆనుకునే చెక్క పట్టీ (బ్రిడ్జి) దాటాక, దాన్ని బిగించిన వెనక పిన్ను దాకా కొంత ముక్క ఉంటుంది, దానికీ డ్యాంపర్ లేదు. ఆ ముక్క కూడా శ్రుతిలో పలికేలా కొలత పెట్టి కట్టే పద్ధతికి 1872లో పియానోల తయారీదారు థియోడర్ స్టైన్‌వే పేటెంట్ తీసుకున్నారు, డ్యూప్లెక్స్ స్కేల్ అంటే అదే. తంబురా మీటితే పక్కనున్న వీణ తీగ ఎవరూ ముట్టకుండానే పలికినట్టు ఇవన్నీ తమంతట తామే మోగుతాయి. పెద్ద హాల్లో ఆ మెరుపు బాగుంటుంది, గ్రానైట్ నేల, ఉత్తగోడలు ఉన్న మన ముందుగదిలో అదే చెవిలో గుచ్చుతుంది.

ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి మెషీన్లు అక్కర్లేదు. నాలుగు మెట్లు గట్టిగా కొట్టి ఠక్కున వదిలేసి, మిగిలిన మోత వింటూ వెనక ముక్కల మీద ఒక్కొక్కదానికీ వేలు ఆనిస్తూ పోవాలి, ఎక్కడ ఆనించగానే ఆగిందో దొంగ అక్కడున్నట్టే. ఆవిడ పియానోలో మధ్యస్థాయికి కాస్త పైన, ఈ వెనక ముక్కలు మోగకుండా తీగల మధ్య ఫ్యాక్టరీలో నేసిన ఉన్ని పట్టీని పురుగు కొట్టేసింది, పోగులు మాత్రం మిగిలాయి. మెత్తటి ఉన్ని గుడ్డను వేలెడు వెడల్పున కోసి, ఒక తీగ కింద నుంచి, ఇంకో తీగ పైనుంచి తీస్తూ కొత్త పట్టీ నేశాను. మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను కొట్టే భాగానికి గుడ్డ అస్సలు తగలకూడదు. ఒక డ్యాంపర్ కూడా తన మెట్టుకున్న మూడు తీగల్లో రెండింటి మీదే కూర్చుంటోంది, దాన్నీ సరిచేశాను.

కొంచెం చేయడం, ఆవిడ వాయించడం, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడగడం, ఇలాగే సాగింది పని. ఒక దగ్గర ఆవిడే ఆపేశారు: "ఇక చాలు నాయనా, అన్నీ నొక్కేస్తే పాట చచ్చిపోతుంది." అంత బాగా వినే మనిషిని చెవుల డాక్టర్ దగ్గరికి పొమ్మన్నారు!

ఇంకో మాట. మోత అనగానే కొందరు సుత్తుల ఫెల్ట్‌ని సూదులతో పొడిచేస్తారు. స్వరం మొరటుగా ఉంటే అది పని చేస్తుంది కానీ వెనక ముక్కల మోతకు అది మందు కాదు, పైగా ఎక్కువ పొడిస్తే మళ్లీ మామూలుగా చేయడం కష్టం. గుడ్డ పట్టీ నచ్చకపోతే లాగేయొచ్చు, ఖర్చూ తక్కువే. అందుకే ముందు గుడ్డతో చూడండి, పియానో కింద మందపాటి తివాచీ పరిచి, కిటికీలకు కర్టెన్లు వేసి చూడండి, పైన ఫొటో ఫ్రేములుంటే తీసేయండి, అవి కూడా జీరగా మోగుతాయి.

పియానో ఉన్నవాళ్లు ట్యూనర్‌ని పిలిచేటప్పుడు "ఏదో మోగుతోంది" అని ఊరుకోకుండా ఏ మెట్టు దగ్గర, వదిలాకా లేక నొక్కినప్పుడా, ఏసీ వేసినప్పుడు తేడా ఉందా అని రాసిపెట్టుకోండి. వినకుండానే కొట్టిపారేసే ట్యూనర్ అయితే ఇంకొకరిని పిలవండి.

– ఒక పియానో ట్యూనర్, విజయవాడ