కొత్త నెట్ కనెక్షన్ తీసుకునేవాళ్లకు

అందరికీ నమస్తే. మన రామగిరి లైన్‌లో కొందరు నెట్ మారుద్దామని చూస్తున్నారని రాస్తున్నా. దయచేసి స్పీడ్ ఒక్కటే చూసి ఏడాది డబ్బులు కట్టేయకండి.

మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. అయినా పోయిన నెల పాప ఆన్‌లైన్ క్లాసులో సార్ గొంతు మాటిమాటికీ తెగిపోయేది. రేపు పరీక్ష, ఇంట్లో ఒకటే టెన్షన్. తీరా చూస్తే అదే టైంకి నా ఫోన్ పెళ్లి వీడియోలను గూగుల్ ఫొటోస్‌కి ఎక్కిస్తోంది. అప్‌లోడ్ (ఇంటి నుంచి బయటికి డేటా వెళ్లే దారి) నిండిపోతే డేటా రౌటర్‌లో క్యూ కడుతుంది. క్లాసు కోసం ఇటు నుంచి వెళ్లే డేటా కూడా ఆ క్యూ వెనకే నిలబడాలి, దాంతో అటు నుంచి వచ్చే గొంతూ తెగొచ్చు. 15 మిల్లీసెకన్లు ఉండాల్సిన పింగ్ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 400 దాటింది! రౌటర్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో చూసుకునే సెట్టింగ్) ఆన్ చేసి, క్యూ పెరగకుండా అప్‌లోడ్‌ను అసలు స్పీడ్‌లో 90 శాతానికి ఆపాను. ఆ రోజు నుంచి గొంతు తెగలేదు. రౌటర్ కొనేటప్పుడు ఎస్‌క్యూఎం (ఆ క్యూ పెరగకుండా తనే చూసుకునే సదుపాయం) ఉంటే అదే తీసుకోండి, ఇంకా మంచిది.

కనెక్షన్ ఇచ్చేవాళ్లను అప్‌లోడ్ ఎంతో, సొంత రౌటర్ పెట్టుకోనిస్తారో లేదో ముందే అడగండి. అన్‌లిమిటెడ్ అన్నా చాలా ప్లాన్లలో నెలకు 3300 జీబీ దాటితే స్పీడ్ తగ్గిస్తారు. మన ఇళ్లకు అది ఎక్కువే. అసలు చూడాల్సింది అందరూ నెట్ వాడే రాత్రి 8 నుంచి 10 మధ్య ఎలా నడుస్తుందో. అదే కనెక్షన్ ఉన్న పక్కింట్లో ఒకసారి ఆ టైంకి వీడియో కాల్ చేసి చూడండి.

సెట్టింగ్స్ తెలియనివాళ్లు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, చూపిస్తాను.